మా ఊరి డ్వాక్రా: అప్పుకి నాలుగు స్టార్లు, ప్లానుకి రెండే

కోనసీమలో మాది పాత డ్వాక్రా సంఘం, బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకిచ్చే అప్పు), స్త్రీనిధి (సంఘాలకి అప్పిచ్చే సహకార సంస్థ) రెండూ వాడాం. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకి ముందే చెప్తున్నా, చేరండి. కానీ అప్పు దగ్గరే ఆగిపోకండి, ఊరి ప్లానులో మీ మాట కూడా రాయించండి.

అప్పు విషయంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. బయట నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం, అవసరం ముదిరిందని తెలిస్తే ఐదు రూపాయలు కూడా అడుగుతారు. సంఘానికి బ్యాంకు లింకేజీలో 3 లక్షల దాకా 7 శాతమే. 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాని ఆపి ఉంచకూడదు, ఇవి రిజర్వు బ్యాంకు నిబంధనలు. ఒక బ్రాంచిలో మాత్రం పొదుపు డబ్బు కదపొద్దన్నారు, అందరం కలిసి వెళ్ళి గట్టిగా అడిగాక వదిలారు, కాబట్టి ఈ రూలు గుర్తుపెట్టుకోండి. మా యానిమేటరు, అంటే సంఘం లెక్కలు, మీటింగులు చూసే ఆవిడ, తీర్మానం చదివి వినిపించాకే సంతకాలు పెట్టిస్తుంది. 2010లో మైక్రోఫైనాన్సు (చిన్న అప్పులిచ్చే ప్రైవేటు కంపెనీలు) వసూళ్ళ టెన్షన్ చూసినవాళ్ళకి ఆ మర్యాద విలువ తెలుసు, ఆ వసూళ్ళని అదుపు చెయ్యడానికి అప్పట్లో ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది.

ఇక రెండు స్టార్ల సంగతి. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ పెట్టింది అప్పులు పంచడానికి మాత్రమే కాదు. గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక అని ఒకటుంది, చాలామంది సభ్యులకి ఆ పేరే తెలీదు. సంఘాలు తమకేం కావాలో రాసుకుంటే గ్రామ సమాఖ్య, అంటే ఊళ్ళో సంఘాలన్నీ కలిసిన సంస్థ, అన్నీ కలిపి గ్రామసభ ముందు పెట్టాలి, అక్కడినుంచి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి వెళ్ళాలి. రావాల్సిన హక్కులు, జీవనోపాధి, ఊరి ఉమ్మడి వసతులు, సామాజిక సమస్యలు, అన్నీ అందులో రాయొచ్చు. దేశం మొత్తానికి వేసిన ప్లానులో మన వీధి మాట చేరడానికి ఇంతకంటే మంచి దారి నాకైతే కనపడలేదు.

మా దగ్గర జరిగిందేంటంటే, మీటింగు అయిపోయి అందరూ లేచే టైముకి ఈ ప్లాను ఫారం తీసి, ఎవరికి గేదె, ఎవరికి కుట్టుమిషన్ అని గబగబా రాసేసుకున్నారు. డెల్టాలో పేదరికం కుట్టుమిషన్ లేక వచ్చింది కాదండీ. పొలం ఒకరిది, చేసేది కౌలుదారు. సార్వా (ఖరీఫ్ వరి) కోతకొచ్చే వేళకి వానలు పడి, మురుగు కాలువ పూడిపోయి నీళ్ళు దిగకపోతే చేను మునుగుతుంది, కౌలు మాత్రం కట్టాల్సిందే. 2011లో కోనసీమ రైతులు ఈసారి పంటే వెయ్యమని క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో ఈ మురుగు కూడా ఉంది. మన రాష్ట్రం 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకి కార్డు ఇస్తారు గానీ దానికి భూమి యజమాని సంతకం కావాలి, భయపడి పెట్టరు. కార్డు లేక పంట లోను దొరక్క, ఇంటావిడ సంఘంలో తెచ్చిన అప్పు ఎరువులకి పోతుంది. అంటే మేం వాయిదాలు కడుతున్నది మునిగిపోయిన చేనుకి!

అందుకే కాలువ పూడిక ఉమ్మడి వసతుల్లో, కౌలు కార్డులు హక్కుల్లో, మీ వీధి పేరుతో సహా రాయించండి. పంచాయతీ ప్రణాళిక పనులు ఏటా అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి, ఆలోపే సమాఖ్యలో అడగాలి. ప్లానుని యాప్‌లో ఎక్కించే ముందు మొత్తం పైకి చదివి వినిపించమనండి, ముఖ్యంగా కూలికెళ్ళి మీటింగుకి రాలేని వాళ్ళు ఇంట్లో ఉండే సాయంత్రం పూట. మా సమాఖ్యలో ఈసారి అలా చదివితే మూడో స్టారు నేనే వచ్చి కలుపుతాను.