వడ్రంగం వర్క్‌షాప్‌లో కట్టెల మాస్ హీటర్: అనేక చలికాలాల వాడకం తర్వాత

నా వడ్రంగం వర్క్‌షాప్‌ను వెచ్చగా ఉంచడానికి కట్టిన కట్టెల మాస్ హీటర్‌ను, అంటే మంట వేడిని మట్టి అరుగులో దాచుకుని నెమ్మదిగా వదిలే పొయ్యిని, అనేక చలికాలాలుగా వాడుతున్నాను. దీని విలువ మంట వెలిగించిన పూట కంటే మర్నాడు ఉదయం బాగా తెలుస్తుంది. ముందురోజు సాయంత్రమే పొయ్యి ఆరిపోయినా మట్టి అరుగు ఇంకా గోరువెచ్చగా ఉంటుంది కనుక, పోత ఇనుప రంపపు బల్ల మీద చెమ్మ పట్టదు, జిగురు చలికి బిగుసుకోదు. తెల్ల చెక్క జిగురు సుమారు 10 డిగ్రీల కంటే చల్లని చోట సరిగా అంటక తెల్లటి పొడిలా మారుతుందని వడ్రంగం తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

కట్టెలు నిలువుగా దిగే నోరు, మంట అడ్డంగా సాగే సొరంగం, వేడి జారిపోకుండా సిరామిక్ ఉన్ని చుట్టిన నిలువు రైజర్ (మంట పైకెగసే గొట్టం), దానిమీద బోర్లించిన ఇనుప డ్రమ్ము, అక్కడి నుంచి అరుగు లోపలగా పోయే పొగగొట్టం: ఇదీ అమరిక. గొట్టం వ్యాసం 20 సెంటీమీటర్లు. దారి ఎక్కడా ఇరుకు కాకూడదన్నది మొదటి నియమం. రైజర్‌ను ఉత్త ఇనుప గొట్టంతో చేయవద్దు, ఆ వేడికి ఇనుము పొరలుగా ఊడిపోతుంది.

అరుగు ఎంత పెద్దదిగా ఉండాలన్నదే అసలు ప్రశ్న. ఒక టన్ను మట్టి, ఇటుక 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని దాచుకుంటుంది. ఎండిన కట్టె కిలోకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. రోజూ పనిచేసే చోట ఈ లెక్క బాగా కుదురుతుంది. వారానికొకసారి తలుపు తీసేవారికి మాత్రం పెద్ద అరుగు భారమే, ఎందుకంటే చల్లబడిన మట్టి పొగలోని వేడిని పీల్చేసి లాగుడును, అంటే పొగ చిమ్నీలోకి పైకి లాగబడే ఊపును, చంపుతుంది, పొగ నోటినుంచి గదిలోకి తంతుంది. అటువంటివారు అరుగు తగ్గించి, డ్రమ్మును మట్టితో కప్పకుండా వదలాలి. పొగను నేరుగా చిమ్నీకి పంపే అడ్డదారి మూత ఒకటి తప్పక పెట్టుకోవాలి.

వర్క్‌షాప్‌కే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. రంపపు పొట్టును పీల్చి బయటికి పంపే యంత్రం గది గాలిని కూడా లాగేస్తుంది కనుక, మంట ఉండగా దాన్ని నడిపితే పొగ వెనక్కి వస్తుంది. పొయ్యికి బయటినుంచి గాలి గొట్టం, గోడకు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. వార్నిష్ పూయడం, సన్నటి దుమ్ము రేపే పనులు మంట పూర్తిగా ఆరాకనే. ఇందులో మినహాయింపు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇరవై శాతం లోపు తేమ ఉన్న కట్టెలు వేస్తే మసి చాలా తక్కువ. బూడిద మాత్రం డ్రమ్ము అడుగున, గొట్టం మొదటి మలుపులో పేరుకుంటుంది. అందుకే ప్రతి మలుపు దగ్గరా చేయి దూరేంత తలుపు పెట్టించుకోండి, దాని ముందు బల్లలు, యంత్రాలు అడ్డుపెట్టకండి.