డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు: స్కోరుకు మంచిదే, అప్పుకు మాత్రం వద్దు

అప్పులేనివాడే అధిక సంపన్నుడని సామెత. క్రెడిట్ స్కోరు (అప్పు సరిగా తీరుస్తాడన్న నమ్మకానికి వేసే మార్కు) కట్టేవాళ్ల లెక్కలో మాత్రం అప్పులేనివాడు ముక్కూ మొహం తెలియని మనిషి. చేతిలో ఉన్నంతలోనే ఖర్చు పెట్టుకుంటూ వచ్చిన నాకు మామూలు క్రెడిట్ కార్డు ఇవ్వలేదు. తగినంత రుణ చరిత్ర లేదని కారణం రాశారు. నా చరిత్ర చెడ్డదని కాదు, అసలు లేదని. ఇలాంటివాళ్ల కోసమే డిపాజిట్ కార్డు ఉందని తెలిసి తీసుకున్నాను. ఏడాది దాటింది. ఇచ్చిన సంస్థ పేరు రాయడం లేదు. ఈ రకం కార్డుల ముఖ్యమైన షరతులు చాలాచోట్ల ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

పద్ధతి తేలికే. కొంత సొమ్ము డిపాజిట్ చేస్తే దాన్ని హామీగా పట్టుకుని, అంతకు సమానంగానో కాస్త తక్కువగానో లిమిట్ ఇస్తారు. నాకు డిపాజిట్‌లో 90 శాతం ఇచ్చారు. పాత అప్పుల గురించి ఎవరూ అడగలేదు, కార్డు చెప్పిన సమయానికే వచ్చింది. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

చాలామంది పొరబడేది దీని తర్వాతే. మన సొమ్ము వాళ్ల దగ్గరే ఉంది కదా, బిల్లు కట్టడం మరిచినా అందులోంచే తీసుకుంటారులే అనుకుంటారు. అలా తీసుకోరు. డిపాజిట్ జోలికి వచ్చేది బాకీ బాగా ముదిరిన తర్వాతే. ఈలోగా ఆలస్య రుసుము, వడ్డీ పడుతూనే ఉంటాయి, బాకీ పడ్డ సంగతి క్రెడిట్ బ్యూరోకు, అంటే అందరి అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థకు చేరిపోతుంది. చరిత్ర కట్టుకోవడానికి తీసుకున్న కార్డే చరిత్రను చెడగొడుతుంది.

నా వృత్తి ప్రూఫులు దిద్దడం. చిన్న అక్షరాలు కనిపిస్తే చదవకుండా వదలలేను. అందుకే మొదటి బిల్లు చేతికి రాగానే ముందు అక్షరాల సైజు చూశాను. ‘కనీసం చెల్లించాల్సిన మొత్తం’ రంగు గడిలో, లావు అక్షరాల్లో ఉంది. ‘మొత్తం బాకీ’ దాని పక్కన సన్నగా ఉంది. యాప్‌లో చెల్లింపు పేజీ తెరిస్తే కనీస మొత్తం దగ్గర ముందే టిక్కు పెట్టి ఉంటుంది. మొత్తం కట్టాలంటే మనమే దాన్ని మార్చాలి. ఇదేదో అలా కుదిరిపోయిందంటే నేను నమ్మను.

కనీస మొత్తమే కడుతూ పోతే ఏమవుతుందో లెక్క వేసి చూశాను. నా కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42. కరపత్రంలో పెద్దగా వేసేది నెల అంకెనే. కనీస చెల్లింపు 5 శాతం. 100 బాకీ ఉందనుకోండి. 5 కడితే 95 మిగులుతుంది, దాని మీద దాదాపు 3.32 వడ్డీ. వచ్చే నెల బాకీ 98.32. అయిదు కడితే తగ్గింది రెండు కూడా కాదు. కొత్తగా ఒక్క వస్తువు కూడా కొనకుండా ఇలాగే కడుతూ పోతే, బాకీ సగానికి దిగడానికే మూడేళ్లు దాటుతుంది.

పైగా, మొత్తం కట్టకుండా కొంత మిగిలిస్తే వడ్డీ లేని గడువు పోతుంది. బాకీ అంతా తీరేదాకా, కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. కార్డుతో నగదు తీస్తే అసలు గడువన్నదే ఉండదు: తీసిన రోజు నుంచే వడ్డీ, దానిపైన విడిగా రుసుము.

ఇక్కడే ఈ కార్డు మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం. నా డిపాజిట్ మీద వాళ్లు ఏడాదంతా ఇచ్చే వడ్డీ, ఇదే కార్డు మీద బాకీ పెడితే నా దగ్గర రెండు నెలల్లో వసూలు చేసే వడ్డీకి దాదాపు సమానం. నా సొమ్ము తక్కువ వడ్డీకి వాళ్ల దగ్గర, ఆ సొమ్మే హామీగా ఎక్కువ వడ్డీకి అప్పు నా దగ్గర! నిజంగా డబ్బు అవసరమైతే డిపాజిట్ మీద నేరుగా అప్పు అడగడం మేలు. సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి నుంచి మూడు శాతం కలిపి ఇస్తారు. అయితే ఒకసారి కార్డుకు హామీగా పెట్టిన డిపాజిట్‌ను మళ్లీ దేనికీ వాడుకోలేం, కార్డు మూసేదాకా వెనక్కి తీసుకోలేం. కాబట్టి త్వరలో అవసరపడే సొమ్మును ఇందులో పెట్టకండి.

స్కోరు విషయానికి వస్తే కార్డు తన పని చేసింది. ఉదాహరణకు ఫైకో (అమెరికాలో ఎక్కువగా వాడే క్రెడిట్ స్కోరు) రావాలంటే కనీసం ఆరు నెలల వయసున్న ఖాతా ఒకటైనా ఉండాలి. ఆ స్కోరులో 35 శాతం బరువు సమయానికి కట్టారా లేదా అన్నదానిది, 30 శాతం ఎంత బాకీ ఉన్నారన్నదానిది. ఖాతాల వయసుకు 15 శాతమే. వడ్డీ కడితేనే స్కోరు పెరుగుతుందని ఒకరిద్దరు నాకు గట్టిగా చెప్పారు. అది ఒట్టి మాట. నేను నెలనెలా మొత్తం కట్టాను, పైసా వడ్డీ ఇవ్వలేదు, స్కోరు వచ్చింది.

కాకపోతే ఒక మెలిక ఉంది. బ్యూరోకు సాధారణంగా చేరేది గడువు తేదీనాటి బాకీ కాదు, బిల్లు తేదీనాటి బాకీ. లిమిట్ చిన్నది కావడంతో కాస్త పెద్ద వస్తువు ఒకటి కొన్నా లిమిట్‌లో వాడకం సగం దాటిపోతుంది. బిల్లు వచ్చిన మర్నాడే కట్టేసినా సరే, ఆ నెల నివేదికలో అప్పుల్లో మునిగిన మనిషిలా కనిపిస్తాం. వాడకం 30 శాతం దాటనివ్వవద్దని అందరూ చెప్పే సలహా ఇందుకే. నేను బిల్లు తయారయ్యే ముందే చాలా భాగం కట్టేసి, కొద్దిగా మాత్రం మిగిలేలా చూసుకుంటాను. ఈ సంగతి కరపత్రంలో లేదు, యాప్‌లోనూ లేదు. సహాయ కేంద్రానికి ఫోను చేసి అడిగితే, “గడువులోపు కడితే చాలు” అన్నారు. వడ్డీ పడకుండా ఉండడానికి చాలు, నిజమే. నేను అడిగింది అది కాదు.

తీసుకోదలచినవాళ్లు సంతకం పెట్టే ముందు ఒకటి రాతపూర్వకంగా అడగండి: ఖాతా వివరాలు క్రెడిట్ బ్యూరోలకు పంపుతారా, అన్నింటికీ పంపుతారా? పంపకపోతే ఈ కార్డుకు, మామూలు డెబిట్ కార్డుకు పెద్ద తేడా లేదు. వార్షిక రుసుము ఎంతో, ఎన్నాళ్లకు హామీ లేని కార్డుగా మారుస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. నా సంస్థ ఈ రెండోదానికి సూటిగా జవాబు చెప్పదు. ‘ఖాతా సమీక్షలో ఉంది’ అన్న సందేశం నెలలుగా అలాగే ఉంది, డిపాజిట్ వాళ్ల దగ్గరే ఉంది. అయిదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ సమీక్ష పూర్తయితే నాలుగో దాని సంగతి చూద్దాం.