తేలుకుంచి కొంగలకి 8×42 బైనాక్యులర్ సరిపోతుందా?

సరిపోతుంది (8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఊళ్ళో చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. 30 మీటర్ల దూరంలోని గూడు 8 రెట్లతో చూస్తే నాలుగు మీటర్ల లోపే ఉన్నట్టుంటుంది. ఎదిగిన కొంగ ముక్కు మూసుకున్నా మధ్యలో మిగిలే సందు బైనాక్యులర్‌లోంచి తేటగా కనబడాలి. కొనేముందు ఈ బైనాక్యులర్‌కి పెట్టాల్సిన పరీక్ష అదే.

ఆ సందుకి కారణం తిండి. కొంగ కింది ముక్కు కొనని నత్త గుల్ల మూత పక్కనుంచి దూర్చి, లోపలి కండరం తెంపి, గుల్ల పగలకుండానే మాంసం లాగేస్తుంది. పిల్లలకి సందు ఉండదు, ఎదిగేకొద్దీ ఏర్పడుతుంది. ఒకే గూట్లో తల్లి ముక్కూ పిల్ల ముక్కూ పోల్చి చూడగలిగితే పెట్టిన డబ్బుకి న్యాయం జరిగినట్టే. వీటిని సైబీరియా పక్షులంటారు గానీ, ఇవి మన దక్షిణాసియావే. ఎండల్లో మట్టిలో దాగిన నత్తలు వానలకి పొలాల్లోకి వస్తాయి, గూళ్ళు కట్టేదీ ఆ అదను చూసుకునే.

10×50 వద్దు. బరువెక్కువ, చేతి వణుకు బొమ్మలో ఎక్కువగా తెలుస్తుంది, వెలుతురులో లాభమూ లేదు (42ని 8తో, 50ని 10తో భాగించి చూడండి, కంటికి చేరే వెలుగు వృత్తం వెడల్పు రెండింట్లోనూ ఇంచుమించు 5 మిల్లీమీటర్లే). టెక్కలి దగ్గరి తేలినీలాపురం వైపు చెరువుల్లో దూరంగా మేసే ఎర్రకాళ్ళ కొంగలకి మాత్రం 8 రెట్లు చాలవు. ముక్కు సగం తెరిచి నీళ్ళలో పెట్టి, చేప తగలగానే టక్కున మూసే తీరు చూడాలంటే స్టాండు మీద పెట్టి ఒంటికన్నుతో చూసే దుర్భిణి, అంటే స్పాటింగ్ స్కోప్ కావాలి.

మసగ్గా ఉందని వాపసు ఇచ్చేవాళ్ళలో చాలామంది సర్దుబాటు చేసుకోరు. ముందు కుడికన్ను మూసి మధ్య చక్రం తిప్పి ఎడమకంటికి సరిచేయాలి. తర్వాత ఎడమకన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి గొట్టం దగ్గరి రింగు తిప్పాలి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఐ రిలీఫ్ (బొమ్మ మొత్తం కనబడుతూనే కన్ను అద్దానికి ఎంత దూరంలో ఉండొచ్చో ఆ కొలత) 15 మిల్లీమీటర్లకి తగ్గనిది తీసుకోవాలి, లేకపోతే బొమ్మ అంచులు కోసుకుపోతాయి.

అసలు లోపం చవక రకాల్లో సీలు లేకపోవడం. సముద్రం గాలికి లోపలి ప్రిజమ్ (వెలుగుని మళ్ళించే గాజుదిమ్మ) మీద బూజు పడుతుంది, అది తుడిస్తే పోయేది కాదు. తేమ చొరబడకుండా సీలు వేసి, లోపల నైట్రోజన్ వాయువు నింపినదే కొనండి. సీలు లేనిది ఇప్పటికే ఉంటే వానాకాలం తోలు సంచిలో ఉంచకుండా, సిలికా జెల్ వేసి మూత బిగువైన డబ్బాలో పెట్టండి. అద్దాన్ని తువ్వాలుతో తుడవకండి, ఇసుక రేణువు పూతని గీసేస్తుంది. ముందు గాలి బుడ్డితో దుమ్ము ఊది, ఆ తర్వాతే మెత్తటి లెన్స్ గుడ్డ.