ఎల్‌కేజీ క్లాసు కబురు ఇంటికి ఎలా చేరుతోంది? బెంగళూరు బడుల్లో వాడే నాలుగు పద్ధతులపై సమీక్ష

మధ్యాహ్నం పన్నెండున్నరకి మారతహళ్లిలోనో, కె.ఆర్.పురంలోనో, రామమూర్తి నగర్‌లోనో చిన్నపిల్లల బడి గేటు దగ్గర కాసేపు నిలబడితే తెలుగు వినిపిస్తుంది. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లలో అమ్మమ్మలు, తాతయ్యలు చాలామంది ఉంటారు. చిత్తూరు నుంచో, అనంతపురం నుంచో, కడప నుంచో మనవడి కోసం వచ్చి ఉంటున్నవాళ్లు. క్లాసు సంగతులు మాత్రం ఆఫీసు మీటింగులో ఉన్న అమ్మ ఫోనుకి ఇంగ్లిష్‌లో వెళ్తాయి. రాత్రి ఎనిమిదింటికి ఆవిడ చదివేసరికి పిల్లాడు నిద్రకి తూగుతుంటాడు. పగలంతా వాడితో ఉన్న పెద్దావిడకి బడిలో వాడు ఏం చేశాడో తెలియనే తెలియదు.

అందుకని ఈ సమీక్షకి పెట్టుకున్న కొలత ఇది: గేటు దగ్గర నిలబడ్డ మనిషికి, ఆ పూటే, తమ బిడ్డ గురించి ఒక్క నిజమైన సంగతి తెలిసిందా? యాప్ ఎంత అందంగా ఉంది, ఎన్ని ఫొటోలు వచ్చాయి అన్నవి దీని తర్వాతే.

ముందు అందరి చేతిలో ఉన్న వాట్సాప్ గ్రూపు. ఎవరికీ నేర్పక్కర్లేదు, ఖర్చు లేదు. కానీ బడులు దీన్ని ఎక్కువగా తప్పుగా వాడుతున్నాయి. 25 మంది పిల్లల సెక్షన్‌కి అమ్మానాన్నలు కలిపి 50 నంబర్లు ఒకే గ్రూపులో వేస్తారు. ప్రతి ఒక్కరి నంబరూ మిగతా 49 మందికీ కనిపిస్తుంది. "మ్యామ్, రేపు యూనిఫామా, కలర్ డ్రెస్సా?" అని ఒకరు అడిగితే ఆరుగురు ఆరు జవాబులిస్తారు. పుట్టినరోజు శుభాకాంక్షలు వరసగా వచ్చి పడతాయి. రేపు పసుపు బట్టలు వేయాలన్న అసలు సంగతి ఎక్కడో పైన ఉండిపోతుంది. మర్నాడు ఒక్క బిడ్డ నీలం చొక్కాతో వచ్చి క్లాసు గుమ్మంలో ఏడుస్తుంది. నాలుగేళ్ల పిల్లకి అది చిన్న విషయం కాదు.

దీనికి మందు ఆ యాప్‌లోనే ఉంది. గ్రూపు సెట్టింగుల్లో మెసేజ్‌లు పంపే వీలు అడ్మిన్లకే ఉంచాలి. ముఖ్యమైనదాన్ని పిన్ చేయాలి, అంటే చాట్ పైనే కనిపించేలా ఉంచాలి. ఒక చాట్‌లో ఒకేసారి మూడు మెసేజ్‌లు పిన్ చేయొచ్చు, 30 రోజుల వరకు ఉంచొచ్చు. అంతకన్నా మంచిది వాట్సాప్‌లోనే కమ్యూనిటీ (గ్రూపుల్ని ఒక గూటికి తెచ్చే ఏర్పాటు) పెట్టుకుని అందులోని ప్రకటనల విభాగం వాడటం, అక్కడ సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. కొన్ని బడులు ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడతాయి. ఒక్కో జాబితాలో 256 మంది వరకు పడతారు కాబట్టి చోటుకి లోటు లేదు, కానీ ఒక మెలిక ఉంది. బడి నంబరుని తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళ్తుంది. సేవ్ చేసుకోనివాళ్లకి అది అందనే అందదు, అందలేదన్న సంగతీ వాళ్లకి తెలియదు. "మాకు రాలేదు మ్యామ్" అనే తల్లిని నిర్లక్ష్యం అనుకునే ముందు టీచర్లు ఈ ఒక్కటీ చూడాలి. గ్రూపులో అయితే మెసేజ్ మీద నొక్కి పట్టుకుని వివరాలు తెరిస్తే ఎవరు చదివారో, ఎవరికి చేరి ఊరుకుందో పేర్లతో కనిపిస్తుంది. నీలి టిక్కులు ఆపుకున్నవాళ్లవి కూడా గ్రూపులో తెలుస్తాయి. ముందురోజు సాయంత్రం ఏడింటికి ఒకసారి చూసి, చదవని ముగ్గురికి ఫోన్ చేస్తే ఆ నీలం చొక్కా ఏడుపు ఉండదు.

ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త. స్పష్టంగా ఉంటుందని కొందరు టీచర్లు ఫొటోని డాక్యుమెంట్‌గా పంపుతారు. మామూలు ఫొటోగా పంపితే అది ఎక్కడ తీశారో తెలిపే వివరాలు వాట్సాప్ తీసేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తాయి. స్పష్టత కావాలంటే పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కితే చాలు.

వాట్సాప్‌లో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా తక్కువ వాడేది వాయిస్ మెసేజ్. తెలుగు మాట్లాడగలిగి, రాయలేని టీచర్లు బెంగళూరులో ఉన్నారు. అలాంటివాళ్లు 40 సెకన్లు మాట్లాడి పంపితే చదువురాని నాయనమ్మకి కూడా చేరుతుంది. రాతలో కావాలంటే జీబోర్డు కీబోర్డులో తెలుగు పెట్టుకుని మాట్లాడితే అదే టైపు చేస్తుంది, తప్పులు ఒకసారి దిద్దుకోవాలి. ప్రకటనలకి, వాయిస్ కబుర్లకి వాట్సాప్‌కి 5కి 3.5 ఇవ్వొచ్చు. అందరూ మాట్లాడే గ్రూపుగా వాడితే 1 కూడా ఎక్కువే.

రెండోది క్లాస్‌డోజో, టీచర్లకీ ఇంటివాళ్లకీ మధ్య కబుర్లు చేరవేసే యాప్. టీచర్లకి ఉచితం. క్లాసు మొత్తానికి ఒక పేజీ, ఒక్కో కుటుంబంతో విడిగా మాట్లాడే చోటు, చదివారో లేదో తెలిసే గుర్తు ఉన్నాయి. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవాల్సిన పని లేదు. టీచరు తనకి మెసేజ్‌లు మోగకూడని విరామ వేళలు పెట్టుకోవచ్చు, రాత్రి పదకొండుకి ప్రశ్నలు మోగే నగరంలో అది పెద్ద ఊరట. సందేశాన్ని ఇంటివాళ్ల భాషలోకి మార్చే సదుపాయం ఉంది కానీ, ఒక సందేశం పంపించుకుని తెలుగు ఎలా వస్తోందో చూశాకే దాన్ని నమ్ముకోవాలి. "షో అండ్ టెల్", "సర్కిల్ టైమ్" లాంటి బడి మాటల్ని యంత్రం ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ఎవరికీ అర్థం కాదు. టీచర్లు పొట్టి అక్షరాలు మానేసి పూర్తి వాక్యాలు రాస్తే అనువాదం సగం బాగుపడుతుంది: "రేపు శుక్రవారం. మీ ఇంటి దగ్గర దొరికిన ఒక ఆకు పంపండి."

అందులో పాయింట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఎల్‌కేజీలో దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. ఇంట్లోవాళ్లకి కనిపించేది ఒక అంకె. మనవరాలు కుదురుగా కూర్చోలేదని ఒక పాయింటు పోయినట్టు తెలుస్తుంది గానీ, ఆ పూట కిటికీ అవతల జేసీబీ వచ్చి తవ్వుతుంటే చూడ్డానికి లేచిందన్న సంగతి తెలియదు.

మూడోది సీ-సా, పిల్లలు చేసిన పనుల్ని దాచి ఇంటికి చూపించే యాప్. ఇది వేరే రకం. పిల్లలు ట్యాబ్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి లోపలికి వెళ్తారు, బొమ్మ గీస్తారు లేదా తమ మట్టి ఏనుగుని ఫొటో తీస్తారు, మైకు నొక్కి దాని గురించి మాట్లాడతారు. టీచరు ఒప్పుకున్నాకే అది ఇంటికి వెళ్తుంది. ఎవరి బిడ్డది వాళ్లకే కనిపిస్తుంది. దీని బలమంతా బిడ్డ గొంతులో ఉంది. "ఇది ఏనుగు, దీనికి తొండం ఊడిపోయింది, మళ్లీ అంటించినా" అని మనవడు తెలుగులో చెప్తుంటే తాతయ్యకి ఏ అనువాదమూ అక్కర్లేదు. బిడ్డ ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే వదిలేయమని టీచర్లకి చెప్పాలి. ఇంగ్లిష్‌లో చెప్పమని ఒత్తిడి చేస్తే రెండు ముక్కలు పలికి ఆగిపోతారు.

చిక్కులూ ఉన్నాయి. ఒక ట్యాబ్, 25 మంది. ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు. రోజుకి ఐదుగురికి మించి కుదరదు. ఫ్యాను చప్పుడులో, పక్క పిల్లల అరుపుల్లో గొంతు కొట్టుకుపోతుంది కాబట్టి పుస్తకాల మూలకి తీసుకెళ్లాలి. ఇక యాప్ అమ్మ ఫోన్లో ఉంటే, ఆవిడ ఆఫీసులో చూసి మురిసిపోయి మర్చిపోతే, ఇంట్లో పెద్దవాళ్లకి అది చేరదు. మొదటి పేరెంట్స్ మీటింగుకి పెద్దవాళ్లని కూడా రమ్మని, వాళ్ల ఫోన్లలోనే పెట్టించే బడుల్లో దీనికి 5కి 4.

నాలుగోది కాగితం. డైరీలో "హెచ్‌డబ్ల్యూ (హోంవర్క్): పేజీ 14", కింద ఒక నక్షత్రం ముద్ర ఉంటే బిడ్డ గురించి ఏమీ చెప్పినట్టు కాదు. ఏ4 కాగితాన్ని మూడు ముక్కలు చేసిన చీటీ మాత్రం ఈ నాలుగింటిలో కొలతకి నేరుగా నిలిచింది. శీర్షికలు తెలుగు, కన్నడ, ఇంగ్లిష్‌లో ముందే అచ్చువేసి ఉంచుతారు. నింపిన చీటీ ఇలా ఉండాలి:

ఈరోజు చేసింది: ఇసుక తొట్టిలో మూడు గిన్నెలు నింపి బోర్లించాడు. పొడి ఇసుక జారిపోయింది. నీళ్లు కలిపి మళ్లీ చేశాడు, నిలబడింది.
అన్న మాట: "నీళ్లు తాగితే ఇసుక గట్టిపడుద్ది."
ఇంట్లో అడగండి: మొదటి గిన్నె ఎందుకు కూలిపోయింది?

మూడో వరుస లేకపోతే చీటీ సగమే. "బడిలో ఏం చేశావు నాన్నా?" అంటే ఆ వయసు పిల్లలు "ఏమీ లేదు" అనేస్తారు. ప్రశ్న మరీ పెద్దదవడమే కారణం. గిన్నె గురించి అడిగితే ఇంటికి వెళ్లేదాకా చెప్తూనే ఉంటారు. వంటింట్లో పిండి కలిపేటప్పుడు అమ్మమ్మ ఆ మాటని ఇంకాస్త ముందుకి తీసుకెళ్తుంది.

టీచరు సమయం లెక్క కూడా చూడాలి. చీటీకి రెండు నిమిషాలు. 25 మందికి రోజూ రాయాలంటే 50 నిమిషాలు, అది ఏ టీచరుకీ సాధ్యం కాదు. అలా అడిగే యాజమాన్యానికి వచ్చేది "హ్యాపీగా ఉన్నాడు, బాగా తిన్నాడు" అన్న ఒకే వాక్యం, పాతిక సార్లు. రోజుకి ఐదుగురైతే పది నిమిషాలు, వారంలో అందరికీ ఒక చీటీ వస్తుంది. హాజరు పట్టీ పక్కన ఇంకో పట్టీ పెట్టి, రాసిన పేరుకి టిక్కు పెట్టుకోవాలి. అది లేకపోతే గలగలలాడే పిల్లల గురించి నాలుగేసి చీటీలు వెళ్తాయి, మూలన కూర్చుని పూసలు గుచ్చుకునే పిల్ల గురించి నెలైనా ఒక్కటీ వెళ్లదు. ఆ రోజు రానివాళ్ల వంతు సోమవారం మొదటికి జరపాలి. పిల్లల మాటల్ని ఆ క్షణంలోనే జేబులోని చిన్న కాగితం మీద రాసుకోవాలి, మధ్యాహ్నానికి గుర్తుండవు. ఆయా పిల్లలకి చెప్పులు తొడిగించే పది నిమిషాల్లో చీటీలు నింపితే గేటు దగ్గర చేతికి ఇవ్వొచ్చు. ఫొటోలు పంపడం పిల్లలు వెళ్లాకే. క్లాసులో ఫోన్ పట్టుకున్న టీచరు ఆ కాసేపూ పిల్లల్ని చూడటం లేదు.

ఇంకో మాట చీటీలో అప్పుడప్పుడూ ఉండాలి: ఇది ఎందుకు చేయిస్తున్నాం? అక్షరాభ్యాసం చేయించి పంపిన ఇంట్లో, నాలుగు నెలలైనా నోటుబుక్కులో అక్షరాలు లేకపోతే కంగారు పుడుతుంది, పక్కవీధి బడిలో అప్పుడే నాలుగు గీతల పుస్తకం మొదలుపెట్టారని తెలిస్తే ఇంకా ఎక్కువ. కాగితం చించడం, పూసలు గుచ్చడం, బట్టల క్లిప్పులు అట్టకి తగిలించడం ఇవన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ పెన్సిల్ పట్టే బలం ఇచ్చే పనులే. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకి ఆట ద్వారానే నేర్పమంటుంది. ఈ రెండు ముక్కలు బడి ముందే చెప్తే ట్యూషన్ వెతుక్కునే ఇళ్లు కొన్నైనా తగ్గుతాయి.

దెబ్బ తగిలితే వీటిలో ఏదీ పనికిరాదు. తలకి తగిలినా, రక్తం వచ్చినా, జ్వరం కాసినా, పళ్లు దిగేలా కొరికినా వెంటనే ఫోన్ చేయాలి. ఆ తర్వాత విడిగా ఒక కాగితం: ఎన్ని గంటలకి, ఎక్కడ, ఒంటి మీద ఏ చోట, ఏం చేశారు, ఎవరు చూశారు. కొరికిన పిల్ల పేరు అందులో ఉండకూడదు, గేటు దగ్గర అడిగినా చెప్పకూడదు. బిడ్డని తీసుకెళ్లే మనిషి మారుతున్నప్పుడు కూడా మెసేజ్ మీద ఆధారపడకుండా, రికార్డులో ఉన్న నంబరుకి బడివాళ్లే తిరిగి ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి.

ఫొటోల అనుమతి గురించి బడులు ఇంకా మేలుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోదగ్గ అనుమతి అడుగుతుంది. అడ్మిషన్ ఫారం అడుగున "అన్ని ఫొటోలకీ సమ్మతమే" అన్న గీత మీద ఒక్క సంతకం తీసుకోవడం సరైన పద్ధతి కాదు. మూడు ప్రశ్నలు విడివిడిగా ఉండాలి: మా ఇంటికి మాత్రమే, క్లాసు కుటుంబాలకి, బడి ప్రచారానికి. వద్దన్నవాళ్ల పేర్లు బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంచాలి, ఎందుకంటే పొరపాటు జరిగేది వెనక వరసలో నిలబడ్డ బిడ్డ దగ్గరే. మొహాలు కాకుండా చేతుల్ని, చేస్తున్న పనిని ఫొటో తీసే అలవాటు చేసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది, క్లాసులో ఏం జరిగిందో కూడా బాగా తెలుస్తుంది.

బడి కోసం తిరుగుతున్నవాళ్లు ఆఫీసు గదిలో యాప్ చూపిస్తే సరేనని, కిందటి వారం ఒక బిడ్డకి పంపిన చీటీని పేరు మూసి చూపించమని అడగండి. ఐదు చీటీలు చూపించి ఐదింటిలోనూ వేరువేరు సంగతులుంటే ఆ బడి టీచర్లు పిల్లల్ని చూస్తున్నారు. చేర్చాక, ఫారంలో రెండో నంబరుగా పగలు ఇంట్లో ఉండే పెద్దవాళ్లది ఇవ్వండి. వాళ్ల ఫోన్లో బడి నంబరు సేవ్ చేసి, ఆ చాట్‌ని పైన పిన్ చేయండి. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్, డేటా అన్నచోట వీడియోలు వాటంతటవి దిగకుండా ఆపండి, ఫోన్ నిండిపోతే రేపటి కబురు తెరుచుకోదు. వాయిస్ మెసేజ్ మీద త్రికోణం గుర్తు నొక్కడం, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వినడం ఒక సాయంత్రం కూర్చుని రెండుసార్లు చేయించండి.