టిన్‌టైపా, క్యాబినెట్ కార్డా: ఏది మేలు?

అమెరికా పశ్చిమాన కొత్త ఊళ్లు వెలుస్తున్న రోజుల నాటి స్టూడియో ఫోటోలు పోగుచేయాలని సరదా పడేవాళ్లకు మొదట ఎదురయ్యేది ఇదే ప్రశ్న. రేకు మీది ఫోటో కొనాలా, అట్ట మీదిదా? కొత్తవాళ్లు అడిగితే నేను అట్టే అంటాను. నా మనసు మాత్రం రేకు దగ్గరే ఉంది, అది వేరే సంగతి.

రేకంటే టిన్‌టైప్. అమెరికాలో 1856లో పేటెంట్ అయింది. పేరులో తగరమే గానీ ఒంట్లో తగరం లేదు, నల్ల వార్నిష్ పూసిన పల్చటి ఇనప రేకు అది. నెగటివ్ ఉండదు. కెమెరాలో పెట్టిన రేకే ఫోటో అయి బయటికొస్తుంది. అంటే ఆ మనిషి ఎదురుగా ఆ రోజు ఉన్న రేకే ఇప్పుడు మన అరచేతిలో ఉన్నట్టు. నా దగ్గరున్న ఒకదానిలో కుర్రాడి బుగ్గలకు ఎవరో చేత్తో అద్దిన గులాబీ రంగు ఇంకా పోలేదు.

చిక్కల్లా, రేకు ఊరూ పేరూ చెప్పదు. పైగా అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారు. 2011లో డెన్వర్ వేలంలో 23 లక్షల డాలర్లు పలికిన, పేరుమోసిన బందిపోటు బిల్లీ ద కిడ్ ఫోటో టిన్‌టైపే. అది చూసి అతనిది ఎడమచేతి వాటమని జనం చాలాకాలం నమ్మారు. వించెస్టర్ తుపాకీకి తూటాలు ఎక్కించే రంధ్రం కుడివైపు ఉండాలి, ఫోటోలో ఎడమవైపు కనిపిస్తుంది. గుట్టు అక్కడే ఉంది. ఆ వేలం ధర చూశాక, టోపీ పెట్టుకున్న ప్రతి కుర్రాడిలోనూ అమ్మేవాళ్లకు బిల్లీయే కనిపిస్తున్నాడు!

క్యాబినెట్ కార్డు అలా కాదు. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ప్రింట్ తీసి, సుమారు నాలుగుంబావు బై ఆరున్నర అంగుళాల అట్టకు అతికించేవారు. కింద స్టూడియో పేరూ ఊరూ అచ్చేసి ఉంటాయి. సగం పని అక్కడే అయిపోతుంది. నెగటివ్ ఉంటుంది కాబట్టి ఎన్ని కాపీలైనా తీయొచ్చు. 1900 నవంబరులో ఫోర్ట్‌వర్త్‌లో జాన్ స్వార్ట్జ్ స్టూడియోలో రైళ్లు, బ్యాంకులు దోచిన బచ్ కాసిడీ ముఠాలోని ఐదుగురు సూట్లేసుకుని పెళ్లివారిలా కూర్చుని ఫోటో దిగారు. అలాంటి ప్రింటే పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ డిటెక్టివ్‌ల చేతికి చిక్కి, వాంటెడ్ నోటీసులకెక్కింది.

అట్టకూ లోపాలున్నాయి. ఎండ తగిలితే బొమ్మ వెలిసిపోతుంది, మూలలు విరుగుతాయి. రేకుకు చెమ్మ శత్రువు, తుప్పు పడుతుంది. అయస్కాంతం అంటుకుంది కదా అని రేకును అసలైనదని నమ్మేయకండి, ఇప్పుడూ ఇనప రేకు మీద కొత్తవి తీసేవాళ్లున్నారు. అట్ట ఫోటోను భూతద్దంతో చూడండి. చుక్కలు చుక్కలుగా ఉంటే అది ప్రెస్సులో అచ్చయిందే.

దేనికైనా ‘కౌబాయ్’ అన్న చీటీని మాత్రం నమ్మొద్దు. అది చూసే నేనొకసారి రెట్టింపు ధర పెట్టాను. తర్వాత అదే టోపీ, అదే పిస్తోలు ఇంకో ఫోటోలో వేరే మనిషి దగ్గర కనిపించాయి. రెండూ స్టూడియో వాళ్ల సామానే.

ఆ దెబ్బతో మనిషిని వదిలేసి వెనకున్న తెర చూడటం అలవాటైంది. నా గులాబీ బుగ్గల కుర్రాడి వెనక చెట్టుకొమ్మ, విరిగిన స్తంభం వేసిన తెర ఉంది. అదే తెర ఏ కార్డులోనైనా కనిపిస్తే వాడికో ఊరు దొరికినట్టే. అందుకే కార్డులు కొంటూనే ఉన్నాను.