సాఫ్ట్ గ్లాసా, బోరోనా?

టార్చ్ పని, అంటే గ్యాస్ మంటలో గాజు కడ్డీలు కరిగించి పూసలు, బొమ్మలు చేయడం, నేర్చుకుందామనుకునేవాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. సాఫ్ట్ గ్లాస్ అంటే తక్కువ వేడికే మెత్తబడే సోడా గాజు, బోరో అంటే ల్యాబ్ బీకర్లకు వాడే బోరోసిలికేట్ గాజు. మొన్న కడ్డీలు సర్దుతూ నా దగ్గరున్న సాఫ్ట్ గ్లాస్ అంతా ఇచ్చేశాను, బోరో ఒక్కటే ఉంచుకున్నాను. నా మొగ్గు ఎటో ఇక దాచేదేముంది.

రంగుల్లో మాత్రం సాఫ్ట్ గ్లాస్‌దే పైచేయి. దంతపు రంగు మీద టర్కాయిస్ చుక్క పెడితే అంచున నల్లటి గీత దానంతటదే వస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. చిన్న టార్చ్‌తోనూ కరుగుతుంది. బోరోకి ఆక్సిజన్ కావాల్సిందే. పైగా వెండి కలిసిన బోరో రంగులు మంటలో ఒకలా, కిల్న్‌లోంచి (బొమ్మల్ని మెల్లగా చల్లార్చే కొలిమి) తీశాక ఇంకోలా ఉంటాయి.

కానీ నా దృష్టిలో తేల్చేది వ్యాకోచం. సాఫ్ట్ గ్లాస్‌కి ఆ అంకె 104, బోరోకి 33. అంటే వేడికి సాఫ్ట్ గ్లాస్ బోరోకి సుమారు మూడు రెట్లు సాగుతుంది, చల్లారితే అంతే ముడుచుకుంటుంది. సాఫ్ట్ గ్లాస్‌తో గుర్రం చేస్తున్నప్పుడు నాలుగో కాలు అతికించే ధ్యాసలో పడి తోకను మంటకి చూపించడం మరిచాను. టిక్‌మని చిన్న శబ్దం. తోక బల్ల మీద పడి ఉంది. గంట పని పోయింది.

ఇటలీలోని గాజు పనుల ద్వీపం మురానోలో లూచియో బుబాక్కో అనే కళాకారుడు సాఫ్ట్ గ్లాస్‌తోనే మనుషుల బొమ్మలు చేస్తాడు, కండరాలతో సహా. అంత ఓపిక నాకు లేదు. 1887 నుంచి 1936 దాకా హార్వర్డ్‌కి గాజు మొక్కలు చేసిచ్చిన బ్లాష్కా తండ్రీకొడుకులు కూడా అన్నీ మంటలోనే అతికించలేదు. తీగలు, జిగురు, పైన రంగు పూత కూడా వాడారు.

పూసలే చేస్తానంటే వాదన లేదు, సాఫ్ట్ గ్లాసే కొనండి. పూస ఎంతుంటుంది, మొత్తం మంటలోనే తిరుగుతుంది కదా. కాళ్లూ కొమ్మలూ ఉన్న బొమ్మలకైతే బోరో. అలాగని కిల్న్ మానేయొద్దు: సాఫ్ట్ గ్లాస్‌ని 510 డిగ్రీల సెల్సియస్ దగ్గర, బోరోని 565 దగ్గర కాసేపు నిలిపి మెల్లగా చల్లార్చాల్సిందే. రెండింటినీ ఒకే బొమ్మలో అతికిస్తే మాత్రం ఏ కిల్న్ కాపాడదు.

క్వార్ట్జ్ (ఇంకా ఎక్కువ వేడికి గానీ కరగని గాజు) సంగతీ కొందరు అడుగుతుంటారు. దాని వేడి, దాని మంట వేరు. మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

గుర్రాన్ని మళ్లీ బోరోతో చేశాను. నాలుగో కాలు అతికేదాకా తోక వైపు చూడనే లేదు.