పద్యనాటక నటులకు గొంతు సాధన: ఎం.వి.పి. కాలనీ ఆదివారం తరగతిపై సమీక్ష

పద్యం పాడడం నేర్పేవారికి విశాఖపట్నంలో ఎన్నడూ కొదవ లేదు. పాడే గొంతును ఇరవై ముప్పై ఏళ్లపాటు ఎలా నిలుపుకోవాలో నేర్పేవారే అరుదు. ఎం.వి.పి. కాలనీలో ఒక మేడమీది హాలులో ఆదివారం ఉదయం జరిగే ఈ తరగతి ఆ రెండో పనినే చేపట్టింది. ఒక హార్మోనియం విద్వాంసుడు, ఒక స్పీచ్ థెరపిస్టు కలిసి దీన్ని నడుపుతున్నారు. రుసుము నెలకు రెండు వేల రూపాయలు. ఒక విడత పూర్తిచేసిన నటుడిగా, చేరదలచుకున్నవారికి పనికొస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

తరగతి మొత్తంలో అత్యంత విలువైనది శ్రుతి నిర్ణయం, అంటే ఏ ఎత్తు స్వరాన్ని ఆధారంగా పెట్టుకుని పాడాలో తేల్చుకోవడం. మైకులు లేని కాలంలో చివరి వరుసదాకా వినిపించాలంటే శ్రుతి పెంచి పాడక తప్పేది కాదు. మైకు వచ్చినా ఆ అలవాటు పోలేదు. పై షడ్జమం (పై స్థాయి 'స') అందుకుని రాగం తీస్తేనే చప్పట్లు, వన్స్‌మోర్లు. దానికి తోడు కాంట్రాక్టు నాటకాల్లో కృష్ణుడు ఒక ఊరివాడు, అర్జునుడు మరో ఊరివాడు. రిహార్సల్ లేకుండా నేరుగా స్టేజీ మీదే కలుసుకుంటారు కాబట్టి, ఎవరి పేరు పెద్దదైతే వారి శ్రుతే ఆ రాత్రికి అందరి శ్రుతి అవుతుంది. ఇక్కడ విద్వాంసుడు ఐదు శ్రుతి అనే హెచ్చు శ్రుతి దగ్గర మొదలుపెట్టి, హార్మోనియం మీద ఒక్కో మెట్టే దించుతూ ఒకే మత్తేభ వృత్త పద్యాన్ని పదేపదే పాడిస్తారు. మిగిలినవారు కళ్లు మూసుకుని వింటూ, ప్రతి మాటా స్పష్టంగా అందిన చోట చెయ్యెత్తాలి. పాడేవాడు తన సొంతమని గర్వపడే శ్రుతి దగ్గర చేతులు లేవవు. రెండు మూడు మెట్లు దిగాకే లేస్తాయి. ఇది చూసి ముఖం చిన్నబుచ్చుకున్న నటులు లేకపోలేదు గానీ, ఆ మరుసటి వారం ఎవరూ పాత శ్రుతి కోసం పట్టుబట్టలేదు.

ఊపిరి పాఠం కూడా పద్యాన్ని పట్టుకునే సాగుతుంది. మత్తేభంలో పాదానికి 20 అక్షరాలు, శార్దూలంలో 19. కొసన రాగాలాపన ఎటూ ఉంటుంది. పాదం ముగిసేదాకా ఊపిరి బిగబట్టి లాగడం ఘనత కాదని, అర్థం విరిగే చోట చిన్న ఊపిరి తీసుకుంటే మాటా బతుకుతుంది, గొంతూ బతుకుతుందని విద్వాంసుడి వాదన. నాకూ అదే సబబనిపించింది.

థెరపిస్టు పద్ధతి మొదట విడ్డూరంగా తోస్తుంది. స్టీలు గ్లాసులో సగం నీళ్లు పోసి, అందులో స్ట్రా ముంచి, బుడగలు రేపుతూ షడ్జమం నిలపమంటారు. నోటి దగ్గర గాలికి అడ్డు పడడంతో కొంత ఒత్తిడి వెనక్కి మళ్లి, స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా తగలకుండా కంపిస్తాయని వివరించారు. మేకప్‌కు కూర్చునే ముందు కొన్ని నిమిషాలు, నాటకం ముగిశాక మరికొన్ని నిమిషాలు ఇది చేయాలి. కరక్కాయ, మిరియాల పాల మీద ఆమె మాట సూటిగా ఉంది: మింగినది ఆహారనాళంలోకి పోతుందే తప్ప స్వరతంత్రులను తాకదు, ఆవిరి మాత్రం అక్కడిదాకా చేరుతుంది, ఇక రోజంతా తాగే మంచినీళ్లకు సాటి లేదు. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం స్వరతంత్రులకు దెబ్బేనని, బలవంతంగా గుసగుసలాడడం విశ్రాంతి కాదని, తెల్లవారుజామున నాటకం దిగి కారంగా భోంచేసి వెంటనే పడుకుంటే పైకెగదన్నే ఆమ్లం గొంతును పాడుచేస్తుందని హెచ్చరించారు. బొంగురు మూడు వారాలు దాటితే ఈ సాధనలన్నీ పక్కనపెట్టి ఈ.ఎన్.టి. వైద్యుడికి చూపించుకోవాలన్నది ఆమె పెట్టిన కచ్చితమైన షరతు.

ఉత్తరాంధ్ర గడ్డ మీద పుట్టి, దశాబ్దాలపాటు కృష్ణ పాత్రతో పేరుపొందిన పీసపాటి నరసింహమూర్తి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్లు అదంతా దైవదత్తమని దండం పెట్టి ఊరుకుంటారు. సాధన గురించి అడిగే శ్రమ తప్పించుకోవడానికి ఇదొక మర్యాదైన మార్గమని నా అనుమానం. ఈ తరగతిలో ఆ ధోరణి లేకపోవడం హాయిగా ఉంది.

లోపాలూ చెప్పాలి. అభ్యాసాలన్నీ మగ గొంతును దృష్టిలో పెట్టుకుని కూర్చినవే. యుగళ సన్నివేశాల్లో మగవారి శ్రుతికి లొంగి పాడవలసి వచ్చే నటీమణులకు, నిజానికి అందరికంటే ఎక్కువ సాయం అవసరమైనవారికి, ఇక్కడ దొరికేది తక్కువ. బరువైన కిరీటంతో గంటల తరబడి నిలబడే మెడ గురించీ మోకాళ్ల గురించీ ఒక్క మాటైనా లేదు. వర్షాకాలంలో నాటకాలు తగ్గినప్పుడు ఇల్లు ఎలా గడుస్తుందన్నది, కాంట్రాక్టరుతో పారితోషికం ముందే మాట్లాడుకోవడమన్నది పాఠంలో లేవు. ఈ రంగాన్ని మధ్యలో వదిలేసినవారిలో గొంతు పోయి వదిలినవారికంటే డబ్బు చాలక వదిలినవారే నాకు ఎక్కువ తెలుసు. హాలు కిటికీలు రోడ్డు వైపు ఉండడంతో హారన్ల మోతలో మంద్రస్థాయి (కింది స్వరాల) సాధన చెడుతోంది.

ఇప్పుడిప్పుడే పద్యం పట్టుకుంటున్నవారు ముందు గురువు దగ్గర పాఠం పూర్తిచేసుకుని రావడం మంచిది. పాత్రలు వేస్తూ, సీజను చివరికి గొంతు బరువెక్కుతోందనిపించే నటులకు మాత్రం రెండు వేలు దండగ కాదు. విజయనగరం, అనకాపల్లి నుంచి వచ్చేవారికి ఆర్టీసీ కాంప్లెక్సులో దిగితే ఆటో, సిటీ బస్సు రెండూ దొరుకుతాయి. అయితే శనివారం రాత్రి నాటకం ఆడి ఆదివారం తొమ్మిదికల్లా సాధనకు కూర్చోవడం అయ్యే పని కాదు. బుధవారం సాయంత్రం మరో బ్యాచి పెట్టమని అడిగితే, పదిమంది పేర్లిస్తే మొదలుపెడతామన్నారు.